వదిన కొట్లో ఫాలోవర్ల మీటరు: ఆషాఢం నుంచి శ్రావణం దాకా ఒక ప్రాజెక్టు డైరీ

జూలై 6, 2025, ఆదివారం

తొలి ఏకాదశి కదా అని వదిన గిన్నెలో పేలపిండి పెట్టి ఇచ్చింది. తింటూ ఉంటే ఫోన్ తెచ్చి ముందు పెట్టింది. ఏ దేశమో తెలీదు, ఓ కాఫీ కొట్టు. గల్లాపెట్టె పక్కన చిన్న పెట్టె, అందులో వెలిగే అంకెలు. ఎవరో ఫోన్లో ఫాలో నొక్కగానే చివరి అంకె టక్కున మారింది.

"ఇలాంటిది నువ్వు చెయ్యగలవా?"

"చెయ్యొచ్చు వదినా. ఎందుకు?"

"ఎందుకేంటయ్యా, ఇన్‌స్టాగ్రామ్‌లో పదకొండు వేల మంది ఫాలోవర్లున్నారు నాకు. కొట్టుకొచ్చినవాళ్లకి తెలియొద్దూ?"

వదినది గుంటూరు బ్రాడీపేటలో జాకెట్లు కుట్టే కొట్టు, మగ్గం వర్కు కూడా చేస్తారు. బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం మహా తేలిక: ముందు లైను నంబరు, తర్వాత అడ్డరోడ్డు నంబరు, మధ్యలో ఒక ‘బై’. ఆటో అతను ఇంకేం అడగడు. కొట్లో ఇద్దరు మాస్టార్లు, ఒక మగ్గం, హుక్కులూ కాజాలూ చూసే ఒకమ్మాయి. నాది అరండల్‌పేటలో రిపేరు కొట్టు. ఇన్వర్టర్లు, మిక్సీలు, టీవీ బోర్డులు. ఇది ఆషాఢం, ముహూర్తాల్లేవు, తనకి పని పలచగా ఉంది. వానలు మొదలై నాకూ కూలర్ రిపేర్లు తగ్గాయి. శ్రావణం వచ్చేలోగా పెట్టె గోడెక్కాలని గడువు పెట్టింది.

ఎలాగూ చేస్తున్నా కాబట్టి రాసి పెడుతున్నా. ఎవరైనా చేద్దామనుకుంటే నేను చేసిన తప్పులు వాళ్లు చెయ్యక్కర్లేదు.

జూలై 9, బుధవారం

సామాను కోసం పొద్దున్నే నాన్‌స్టాప్ బస్సెక్కి విజయవాడ వెళ్లి, గవర్నర్‌పేటలో రెండు కొట్లు తిరిగాను. తెచ్చినవి: వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు ఒకటి, నాలుగు ముక్కలు కలిసి ఉన్న ఎల్‌ఈడీ మ్యాట్రిక్స్ ఒకటి, 5 వోల్టుల 2 యాంపుల అడాప్టరు ఒకటి.

మ్యాట్రిక్స్ ముక్క ఒక్కోటి 8 వరసలు, 8 నిలువులు, అంటే 64 దీపాలు. ఒక్కో ముక్క వెనక, దాని దీపాల్ని వెలిగించే మ్యాక్స్7219 అనే చిప్ ఒకటి. నాలుగు ముక్కలు కలిపితే అడ్డంగా 32 నిలువులు. ఒక అంకెకి 5 నిలువులు, పక్కన ఖాళీ 1. అలా ఐదంకెలు సరిగ్గా సరిపోతాయి. లక్ష దాటితే పట్టదు. ఆ మాట వదినకి చెబితే "దాటినప్పుడు ఇంకో ముక్క కలుపుదువుగాని" అంది. ఆత్మవిశ్వాసానికి లోటు లేదు.

జూలై 13, ఆదివారం

ఇవాళ పొద్దంతా రెండు రోగాల దగ్గరే ఆగిపోయింది.

ఒకటి, అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చాయి. ఇది చిన్నదే. ఈ మ్యాట్రిక్స్ బోర్డుల్లో రెండు మూడు రకాలున్నాయి, ప్రోగ్రాంలో మన రకం పేరు సరిగ్గా రాయాలి. నాది ఎఫ్‌సీ16 రకం. మార్చగానే తిన్నగా నిలబడ్డాయి.

రెండోది ఏడిపించింది. కాసేపు బాగానే ఉండి, ఉన్నట్టుండి సగం దీపాలు పిచ్చిపట్టినట్టు వెలుగుతాయి. వైర్లు మార్చా, అడాప్టరు మార్చా, లాభం లేదు. చివరికి చిప్ డేటాషీట్ తీసి చదివితే సంగతి బయటపడింది. మ్యాక్స్7219కి 5 వోల్టులిచ్చి నడిపితే, దానికొచ్చే సిగ్నల్ కనీసం 3.5 వోల్టులుంటేనే ‘ఒకటి’ అని లెక్క. ఈఎస్‌పీ బోర్డు ఇచ్చేది 3.3. అంటే అరిచి చెప్పాల్సిన మాట గొణుగుతోందన్నమాట. ఒక్కోసారి వినపడుతుంది, ఒక్కోసారి వినపడదు. మధ్యలో 74హెచ్‌సీటీ125 చిప్ ఒకటి పెట్టాను, అది 3.3ని అందుకుని 5గా అందిస్తుంది. రోగం కుదిరింది. ఇంటర్నెట్‌లో చాలామంది ఈ చిప్ లేకుండానే నడిపిస్తున్నారు, వాళ్లకి నడుస్తోంది కూడా. నడిచినన్నాళ్లూ నడుస్తుంది.

వెలుగు మాత్రం 15లో 3కి తగ్గించా. పూర్తిగా పెడితే అడాప్టరు వేడెక్కుతోంది, కళ్లు కూడా చెదురుతున్నాయి.

జూలై 16, బుధవారం

అంకె వెలగడం ఒక ఎత్తు, ఆ అంకె ఎక్కణ్ణుంచి తేవాలన్నది ఇంకో ఎత్తు.

నేను చూసి చేసిన వీడియో పాతది. అందులో చెప్పిన బేసిక్ డిస్‌ప్లే అనే దారిని ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు 2024 డిసెంబర్ 4నే మూసేశారు. వీడియో తేదీ చూసుకోకపోవడం నా తప్పు. రెండు రాత్రులు వృథా. ఇప్పుడున్న దారిలో ఖాతా బిజినెస్ ఖాతానో క్రియేటర్ ఖాతానో అయ్యుండాలి. వదినది బిజినెస్ ఖాతానే, అదృష్టం. వాళ్లిచ్చే టోకెన్, అంటే లెక్క అడగడానికి తాళంచెవి లాంటి కోడ్, 60 రోజులు పనిచేస్తుంది, ఈలోగా కొత్తది తీసుకోకపోతే అంకె ఆగిపోతుంది. ఇవాళ తీశా కాబట్టి సెప్టెంబర్ 14 దాకా ఢోకా లేదు. క్యాలెండర్లో రాసుకున్నా.

టోకెన్‌ని గోడకి వేలాడే పెట్టెలో పెట్టడం నాకిష్టం లేదు. గూగుల్ వాళ్ల కంప్యూటర్లలోనే నడిచే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో చిన్న ప్రోగ్రాం రాసి, అది గంటకోసారి లెక్క తెచ్చుకుని, పెట్టె అడిగితే ఉత్త అంకె మాత్రం ఇచ్చేలా చేశా. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ స్క్రిప్ట్ నేరుగా జవాబివ్వదు, ఇంకో చిరునామాకి వెళ్లమంటుంది. పెట్టెకి ఆ చిరునామాకి వెళ్లడం కూడా నేర్పాలి, లేకపోతే అంకె బదులు చెత్త వస్తుంది.

జూలై 19, శనివారం

గోడెక్కింది.

తెలిసిన వడ్రంగితో ప్లైవుడ్ పెట్టె చేయించా. ముందు వైపు నేమ్‌ప్లేట్లు చేసే కొట్లో ముదురు పొగరంగు యాక్రిలిక్ ముక్క కోయించి బిగించా. ఆ రంగు వెనక ఎర్రటి అంకెలు తేలుతున్నట్టున్నాయి. కొట్లో వైఫై పేరు రెండుంటే తప్పుదానికి కలిపి పావుగంట తల బాదుకున్నా. ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది, 5 దాని కంటికి కనపడదు.

సాయంత్రం 6:20కి మొదటి అంకె: 11,243.

వదిన ఫోటో తీసింది, రీల్ తీసింది, మాస్టార్లిద్దర్నీ పిలిచి చూపించింది. పెద్ద మాస్టారు కళ్లజోడు ఎత్తి చూసి, "కరెంటు మీటరా అమ్మా?" అన్నాడు.

జూలై 21, సోమవారం

పొద్దున 10కి ఫోన్. "నీ పెట్టె చెడిపోయింది, రా."

వెళ్లి చూస్తే 10,612. శనివారం నుంచి ఆరొందల పైన పోయారు. నేనక్కడున్న గంటలో ఇంకో ముప్ఫైమంది తగ్గారు. ఫాల్ కుట్టించుకోడానికొచ్చిన ఒకావిడ అంకె మారడం చూసి, "అదేంటి, టైమా?" అనడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఫోన్లో చూశా, అదే అంకె. పెట్టె తప్పేం లేదు. "ఎప్పుడైనా ఎవరికైనా డబ్బులిచ్చావా వదినా?" అంటే ముందు కసిరింది. తర్వాత, టీ వచ్చాక, ఒప్పుకుంది. క్రితం దీపావళికి ఎవరో కుర్రాడు ప్రమోషన్ చేస్తానని 1,500 తీసుకున్నాడట. అప్పుడే అంకె ఒక్కసారిగా ఎగిరిందట.

అలాంటివి ఎప్పటికైనా ఊడతాయి. పెద్దపెద్దవాళ్లకే జరిగింది. 2018 జూలైలో ట్విట్టర్ వాళ్లు అనుమానంతో తాళం వేసిన ఖాతాలన్నిటినీ లెక్కలోంచి తీసేస్తే, సినిమావాళ్లూ రాజకీయ నాయకులూ ఒక్క రోజులో లక్షల్లో పోగొట్టుకున్నారు. ఆ మాట చెప్పా. వదినకి అదేం ఓదార్పు అనిపించలేదు. "వాళ్ల గోడల మీద ఇలా మీటర్లు లేవుగా" అంది. నిజమే.

జూలై 23, బుధవారం

నాకిక ఆగలేదు. అసలు ఈ అంకెలో ఎవరున్నారో చూడాలనిపించింది.

మన ఖాతా సమాచారం మొత్తం దింపుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంది. అందులో ఫాలోవర్ల జాబితా వస్తుంది, ఎవరు ఏ తేదీన చేరారో కూడా ఉంటుంది. వదిన చేత అడిగిస్తే రాత్రికి ఫైల్ వచ్చింది. పైథాన్‌లో పది లైన్లు రాసి తేదీల వారీగా గీశా. మూడేళ్లపాటు పొలం గట్టులా మెల్లగా ఎక్కుతూ వచ్చి, క్రితం దీపావళి వారంలో మూడు రోజులు గోడలా నిలువుగా లేచింది. ఆ గోడ ఎత్తు నాలుగు వేల చిల్లర. ఇప్పటికి కూలింది కొంతే. మిగతాది ఎప్పుడు కూలుతుందో.

తర్వాత జాబితాలోంచి చీటీ తీసినట్టు వందమందిని తీసి, కాగితం మీద అచ్చేసి, వదిన పక్కన కూర్చున్నా. ఒక్కో పేరూ ఫోన్లో తెరవడం, తను చూసి చెప్పడం, నేను గీత గీయడం.

కొట్టుకొచ్చి కుట్టించుకున్నవాళ్లు 7. చుట్టాలూ పక్కాలూ 4. వేరే ఊళ్లలో ఇదే పని చేసుకునే టైలర్లు, మగ్గం వర్కు వాళ్లు 23. ఎవరో తెలియనివాళ్లు, కానీ మనుషులే అనిపించేవాళ్లు 38. ఫోటో లేకుండా, పోస్టు లేకుండా, పేరు చదవడానికి కూడా రానివి 28.

ఆ 23 చూసి వదిన గొల్లున నవ్వింది. "వీళ్లంతా నా బ్యాక్ నెక్ డిజైన్లు చూసి కుట్టేసుకుంటున్నార్రా బాబూ." కాసేపాగి, "నేనూ అంతేలే, నేను ఫాలో అయ్యేవన్నీ అవే" అంది.

నాకు ఆ 23 మంది మీద గౌరవం కలిగింది. ఈ పని తెలిసినవాళ్లు ఈ పని చూడటానికి వస్తున్నారంటే అది చిన్న విషయం కాదు. కానీ వాళ్లెవరూ జాకెట్టు ఇవ్వరు. పెట్టెకి మాత్రం ఆ ఏడుగురూ, ఈ ఇరవై ముగ్గురూ, ఆ ఇరవై ఎనిమిదీ ఒకటే. ఒక్కొక్కరికి ఒకటి కలుపుతుంది, అంతే. దానికి అంతకంటే తెలీదు, దాన్ని చేసింది నేనే.

జూలై 24, గురువారం

చిన్న మాట. రాత్రి భోజనాల దగ్గర వదిన బాధ ఇంకోటి: "నేను ఫాలో అయ్యే కొట్లన్నిటికీ నాకంటే ఎక్కువే ఉన్నారు."

అందరికీ అలాగే అనిపిస్తుంది, దానికో లెక్క ఉంది. స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1991లో రాశాడు. పప్పు గిన్నె, పచ్చడి గిన్నెల్తో చేసి చూపించా. నాలుగు కొట్లున్నాయనుకో. మధ్య కొట్టుకి మిగతా మూడిటితో స్నేహం, ఆ మూడిటికీ మధ్య కొట్టుతో మాత్రమే. సగటున కొట్టుకి ఒకటిన్నర స్నేహాలు. కానీ నాలుగిట్లో మూడు కొట్లు తల తిప్పి చూస్తే, తన స్నేహితుడికి మూడు, తనకి ఒకటి! ఎక్కువమందికి కలిసినవాడే ఎక్కువమంది కళ్లకి కనపడతాడు, అందుకే.

అన్నయ్య పచ్చడి గిన్నె ఇవతలకి లాక్కుని "లెక్క అయిపోతే అన్నం తిను" అన్నాడు.

జూలై 27, ఆదివారం

శుక్రవారంతో శ్రావణం పెట్టింది. కొట్లో కాలు పెట్టే సందు లేదు. ఆదివారమైనా ఒంటిగంట దాకా తెరిచే ఉంచారు. మూసేశాక ఇంకో లెక్క మొదలుపెట్టా, ఈసారి అవతలి వైపు నుంచి.

కొట్లో వెనక గోడకి చెక్క అరలున్నాయి. వాటి నిండా ఆది జాకెట్లు. తెలియనివాళ్లెవరైనా ఉంటే, ఆది అంటే ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు, కొలతకి ఇచ్చేది. మామూలుగా కొత్తది కుట్టాక ఆది తిరిగిచ్చేస్తారు. వదిన దగ్గర చాలామంది వెనక్కి తీసుకోరు. "ఇక్కడే ఉండనీ అమ్మా, మళ్లీ మళ్లీ ఏం తెస్తాం" అని వదిలేస్తారు. తర్వాత గుడ్డ మాత్రం పంపిస్తారు, ఒక్కోసారి ఆటో అతని చేత. ఇన్నేళ్లుగా వస్తూ పోతూ ఉన్నా ఆ అరలు నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు.

లెక్కపెట్టా. 164.

ఒక్కోటీ మడిచి, కవర్లో పెట్టి, పిన్నీసుతో చీటీ గుచ్చి ఉంది. చీటీల మీద పేర్లు తక్కువ. ‘పోస్టాఫీసు ఆంటీ’, ‘మూడో లైను టీచరు గారు’, ‘టీచరు గారి కోడలు, హైదరాబాద్’, ‘బ్యాంకు మేడమ్ కొత్తది’, ‘బ్యాంకు మేడమ్ పాతది, లావైంది’. ఆ చివరిది ఆవిడ కంట పడకూడదు.

ఒక చీటీ దగ్గర ఆగిపోయా. నీలం ఇంకుతో వదిన రాత. చెస్ట్ 38, నడుం 34, చెయ్యి 11, వెనక మెడ 8. కింద, కొంచెం పెద్ద అక్షరాల్లో: ‘ఎడమ పక్క లోపల రెండు పొరలు లైనింగ్, దూది పెట్టి. చంక బిగించొద్దు. అడగొద్దు.’ ఆ ‘అడగొద్దు’ కింద రెండు గీతలు. అది మాస్టార్ల కోసం. కవర్ తిప్పి కుట్టు చూశా. లోపలి పొర ఎక్కడ మొదలైందో బయటికి తెలియడం లేదు. కప్పు ఆకారానికి ఎనిమిదో తొమ్మిదో చిన్న కుట్లు, అన్నీ చేత్తో వేసినవి.

"ఎన్నాళ్లుగా కుడుతున్నావు ఈవిడకి?"

"ఐదేళ్లు. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకి వచ్చింది." అంతే చెప్పి కవర్ నా చేతిలోంచి తీసుకుని, మడిచి, అదే అరలో అదే చోట పెట్టింది.

ఆవిడకి ఇన్‌స్టాగ్రామ్ ఉందా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

తర్వాత బిల్లు పుస్తకంలోంచి చివరి నలభై ఆర్డర్లు తీశాం. ఈ నలభైమందిలో వదిన ఖాతాని ఫాలో అయ్యేవాళ్లు 11. ఇన్‌స్టాగ్రామే లేనివాళ్లు 9. మొదటిసారి ఎలా వచ్చారని ఒక్కొక్కరి గురించీ అడిగితే, వదిన తడుముకోకుండా చెప్పింది: ఎవరో చెబితే వచ్చినవాళ్లు 26, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు 8, ఫోన్లో చూసి వచ్చినవాళ్లు 6. ఆ 26లో తొమ్మిది ఇళ్లని పంపింది ఒక్క మనిషి, ఆ మూడో లైను టీచరు గారే. రిటైరైపోయారు. ఆవిడ చేతిలో ఉండేది బటన్ల ఫోన్.

ఇది మా కొట్టు విశేషం మాత్రమే అనుకోను. 2010లో మియాంగ్ చా అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు ట్విట్టర్ మీద పెద్ద లెక్క తీశారు. మిలియన్ ఫాలోవర్లనేది ఒక భ్రమ అనే అర్థం వచ్చేలా ఆ పత్రానికి పేరు పెట్టారు. ఎక్కువమంది ఫాలో అయ్యేవాళ్ల మాటలే ఎక్కువగా చేతులు మారతాయనీ, వాళ్లనే ఎక్కువమంది తలుచుకుంటారనీ లేదని వాళ్లకి తేలింది. టీచరు గారు ఆ లెక్కలో లేరు కానీ ఉండాల్సిన మనిషి.

ఆగస్టు 2, శనివారం

పైన రాసిందంతా చదివితే నేను ఫాలోవర్ల అంకె ఉత్తదే అంటున్నట్టుంది. ఇవాళ వదిన నా నోరు మూయించింది.

సత్తెనపల్లి నుంచి ఒక పెళ్లివారొచ్చారు. పెళ్లికూతురు, తల్లి, మేనత్త. పద్నాలుగు జాకెట్లు, అందులో నాలుగు మగ్గం వర్కు. పిల్ల రీల్ చూసి వచ్చింది. ఎవరో కజిన్ పంపిందట. ఆ పిల్ల ఫాలో అవ్వలేదు, ఆ కజినూ అవ్వలేదు. ఆ రీల్ లెక్కలు తెరిచి చూస్తే, చూసినవాళ్లలో ఎక్కువమంది ఫాలోవర్లు కానివాళ్లే. ‘చూశావా వదినా, ఫాలోవర్ల సంఖ్యతో పని లేకుండానే వచ్చారు’ అనబోతున్నా.

ఈలోగా మేనత్త తల ఎత్తి గోడ మీద పెట్టె చూసి అడిగింది, "అదేంటమ్మా?" చెప్పాక, "తొమ్మిది వేల తొమ్మిదొందలా! మరి చెప్పవేం" అని, అప్పటిదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సంచిలోంచి కంచిపట్టు చీర తీసి టేబుల్ మీద పెట్టింది.

వాళ్లు వెళ్లాక వదిన అంది: "కొత్తవాళ్లు పాతికవేల చీర నా చేతిలో పెట్టి కత్తెర వెయ్యమనాలంటే వాళ్లకి ఏదో ఒకటి కనపడాలి కదయ్యా. అరల్లో ఆది జాకెట్లు వాళ్లకేం తెలుసు?"

ఆలోచిస్తే అదీ నిజమే. కొట్టు బయట బోర్డు లాంటిది అది. బోర్డు పెద్దదైతే కొట్టు పెద్దదనుకుంటారు, లోపలికైతే వస్తారు. బోర్డు చూసి ఎవరూ రెండోసారి రారు, కానీ మొదటిసారి రావడానికి అదొక దారి. నాకు బాధల్లా, ఆ బోర్డులో మూడో వంతు దీపావళి కుర్రాడు అతికించిన అట్టముక్క. ఆ మాట మేనత్తకి తెలిస్తే సంచి ఒళ్లోనే ఉండేది. వదినకీ అది తెలుసు. అందుకే ఆవిడ అంకె చదువుతున్నంతసేపూ వదిన మిషను మీద నుంచి తలెత్తలేదు.

ఆగస్టు 6, బుధవారం

ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. రాత్రి పదిన్నరకి అన్నయ్యతోపాటు టిఫిన్ తీసుకుని వెళ్లా. రెండు మిషన్లూ ఆగకుండా మోగుతున్నాయి. హుక్కులమ్మాయి నేల మీద కూర్చుని కుడుతూనే ఇడ్లీ తింది. గోడ మీద పెట్టెకి ఎవరో లైనింగ్ గుడ్డ కప్పేశారు.

"కళ్లల్లో పడుతోంది, ఒకటే మారుతుంది. ఊరికే దాని వంకే చూపు పోతోంది" అంది వదిన. తర్వాత, నోట్లో దారం కొరుకుతూ, "ఎన్ని ఇవ్వాలో చూపిస్తుందా అది?" అనడిగింది.

"ఏం ఎన్ని?"

"జాకెట్లయ్యా. ఇంకా ఎన్ని ఇవ్వాల్సినవి మిగిలాయో. ఇందాకట్నుంచీ నలుగురం నాలుగు లెక్కలు చెబుతున్నాం. ఒకటి తప్పిపోతే ఎవరి ఇంట్లో పూజ చెడుతుందో!"

జూలై 6 నుంచి నేను చేసిన పనంతటిలో ఎవరైనా అవసరపడి అడిగిన మొదటి అంకె ఇది.

ఆగస్టు 10, ఆదివారం

పెట్టె దింపి ఇంటికి తెచ్చా. కింద రెండు బటన్లు బిగించా. పచ్చది నొక్కితే ఒకటి పెరగాలి, ఎర్రది నొక్కితే ఒకటి తగ్గాలి. కరెంటు పోయినా అంకె గుర్తుండేలా బోర్డు మెమరీలో రాస్తోంది. ఆ మెమరీకి ఇన్నిసార్లే రాయొచ్చనే పరిమితి ఉంది కాబట్టి, అంకె మారినప్పుడు మాత్రమే రాసేలా పెట్టా.

ఒక చిక్కు: పచ్చ బటన్ ఒక్కసారి నొక్కితే రెండు, ఒక్కోసారి మూడు పెరుగుతున్నాయి. బటన్ లోపలి రేకు ఒక్క దెబ్బకి ఒకసారి తగిలి ఆగదు, సూక్ష్మంగా ఎగిరెగిరి పడుతుంది. బోర్డు చాలా చురుకు కాబట్టి ప్రతి ఎగురుడినీ ఒక నొక్కుగా లెక్కేస్తుంది. ఒక నొక్కు తర్వాత 50 మిల్లీసెకన్లు చెవులు మూసుకోమని ప్రోగ్రాంలో రాస్తే సరిపోయింది. ఇప్పుడు వందసార్లు నొక్కితే వందే. లెక్కపెట్టి చూశా, బొటనవేలు నొప్పి.

పాత అంకె తీసెయ్యనా అని వదినని అడిగా. కాసేపు మాట్లాడలేదు. "తీసెయ్యకు. కనపడకుండా లోపలెక్కడైనా ఉంచు" అంది. సరే, ఎర్ర బటన్ ఐదు సెకన్లు పట్టుకుంటే ఫాలోవర్ల లెక్క వచ్చి, పది సెకన్లకి పోయేలా పెట్టా.

ఆగస్టు 17, ఆదివారం

పెట్టె మళ్లీ గోడెక్కి వారమైంది. ఈసారి గల్లాపెట్టె పక్కన లేదు, మాస్టార్లకి ఎదురుగా ఉంది. గుడ్డ రాగానే పచ్చ బటన్, జాకెట్టు కవర్లో పెట్టి ఇవ్వగానే ఎర్ర బటన్. మొదటి రోజు హుక్కులమ్మాయి రెండుసార్లు మర్చిపోయింది, తర్వాత అలవాటైంది. పెద్ద మాస్టారు దీన్ని ఇంకా కరెంటు మీటరనే అంటున్నాడు.

నిన్న సాయంత్రం పోస్టాఫీసు ఆంటీ వచ్చారు. కుర్చీలో కూర్చుని అంకె చూసి, "మొన్న ఇరవై ఆరు ఉందమ్మా, ఇవాళ ఇరవై మూడు. మరి తగ్గిన మూడిట్లో నాది ఉందా, లేదా?" అని నిలదీశారు. లేదు. వదిన ఈ పెట్టె చేసినందుకు నన్నూ, చేయించినందుకు తననీ కలిపి తిట్టుకుని, ఆవిడ జాకెట్టు అప్పటికప్పుడు మిషను ఎక్కించి, గంటలో చేతిలో పెట్టింది. 22.

ఇవాళ కొట్టు మూసేటప్పుడు నేనక్కడే ఉన్నా. అందరూ వెళ్లాక వదిన ఎర్ర బటన్ పట్టుకుంది. 9,871. చూసింది. పది సెకన్లయ్యాక 22 వచ్చింది. లైట్లు ఆర్పేసింది.

సెప్టెంబర్ 14లోగా టోకెన్ మార్చాలి. పెట్టె వెనక పై స్క్రూ ఒకటి వదులైంది, బుధవారం స్క్రూడ్రైవర్ తీసుకెళ్లాలి.